వరాలమ్మ పగటి నిద్ర

పూలకి ఆదివారం ఉంటుందా, చెప్పండి చూద్దాం?

ఉండదా? అంత తొందరగా చెప్పేశావేం సహస్రా? ఆలోచించి చెప్పు. మీ బడికి సెలవుంది. పోస్టాఫీసుకుంది. మీ నాన్న ఆఫీసుకైతే వారానికి రెండు రోజులుంది. మరి మల్లెమొగ్గ ఎప్పుడైనా "ఇవాళ ఆదివారం కదా, రేపు పూస్తాలే" అందా? అనదు. అది పూస్తూనే ఉంటుంది. పూస్తూ ఉంటే ఎవరో ఒకరు కొయ్యాలి, ఎవరో ఒకరు కట్టాలి. ఇవాళ్టి కథ ఆ కట్టే ఆవిడది.

నిహాల్, కాలు నా మీద వెయ్యకు నాన్నా, మోకాలు సలుపుతోంది. ఇటు జరుగు. ఆఁ. మధ్యలో ఏమైనా అడగాలంటే చెయ్యెత్తి అడగండి, ఇద్దరూ ఒక్కసారే అరవకండి.

అనగనగా ఏటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన పెరట్లోనూ, పొలం గట్ల మీదా పూలమొక్కలు పెంచేవాడు. కొయ్యడం ఆయన పని, కట్టడం ఆవిడ పని.

వేసవి వస్తే మల్లెలు. విచ్చకముందే మొగ్గలు కోసి, తెల్లగా వరసలు పేర్చి, పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టేది. ఆ తర్వాత వానాకాలం వస్తే సన్నజాజులు. వాటి కాడ వెంట్రుకంత ఉంటుంది, కాస్త లాగితే తెగుతుంది. వాటి మధ్యలో మొగలిరేకు మడిచి పెట్టేది, వీధి వీధంతా వాసన. ఆ తర్వాత చలికాలం వస్తే చేమంతులు, వాటి నడుమ పచ్చగా మరువం. కాలం కాని కాలంలో ఎవరైనా మల్లెలడిగితే, "నాకు దాచుకోవడం రాదు తల్లీ, కట్టడమే వచ్చు, వెళ్ళి చైత్రంలో రా" అనేది.

పెళ్ళయినా, సీమంతమయినా, ఊరికే శుక్రవారమయినా ఆ ఊళ్ళో వరాలమ్మ పూలే. ఎందుకంటే ఆవిడ కట్టిన దండ కొస పట్టుకుని ఎంత ఊపినా ఒక్క పువ్వు రాలేది కాదు.

బాగుంది కదా? బాగుంది వినడానికి.

ఇప్పుడొక లెక్క చెప్తా వినండి. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. అది విచ్చేలోపల కట్టెయ్యాలి. అంటే ఎప్పుడు కట్టాలి? మధ్యాహ్నం. ఊరందరూ అన్నాలు తిని, చాప పరుచుకుని, నడుం వాల్చే వేళ. అప్పుడే వరాలమ్మ గోడకి ఆనుకుని బుట్ట ముందు కూర్చోవాలి. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళలో ఆవిడ ఒక్క మధ్యాహ్నం పడుకుని ఎరగదు.

ఆవిడకి నగలక్కర్లేదు, చీరలక్కర్లేదు. ఒక్క మధ్యాహ్నం కావాలి. ఎవరూ లేపకుండా, ఎండ గోడ దిగిపోయేదాకా నిద్రపోవాలి. అంతే ఆవిడ కోరిక. నవ్వుతావేమే? నీకు నిద్ర రాదు కాబట్టి నవ్వొస్తోంది. నాలాంటిదానికి నవ్వు రాదు.

ఇలా ఉండగా వరాలమ్మ వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే మంచినీళ్ళ గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావలసి వచ్చేది. అప్పుడావిడ అనుకుంది కదా, "నాలాగా కట్టే ఇంకో జత చేతుల్ని తయారుచేస్తే నేను పడుకోవచ్చు. లేకపోతే ఈ వేళ్ళు ఎప్పుడో బిగుసుకుపోతాయి, నాతో పాటు ఈ పనీ పోతుంది."

మొదట నూకరత్నం వచ్చింది. పక్కవీధి పిల్ల, పద్దెనిమిదేళ్ళది. పూలంటే ప్రాణం. అప్పుడు వేసవి, మల్లెల కాలం.

వరాలమ్మ చాప వేసి, "ఎదురుగా కూర్చోవే, నా చేతుల్నే చూడు" అంది. నూకరత్నం బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చుంది. అప్పుడు వరాలమ్మ పాఠం చెప్పింది. "రెండు మొగ్గల తలలు ఇటు, రెండు మొగ్గల తలలు అటు. కాడలు మధ్యలో కలవాలి. దారం ఇలా తిప్పు. వేలితో మెలిక తియ్యి. మెలిక మొగ్గల మెడలో వెయ్యి. బిగించు. నొక్కితే మెడ తెగుతుంది, వదిలేస్తే జారుతుంది."

నూకరత్నం కన్నార్పకుండా చూసింది. అలాగే చేసింది. మూడు మూరలు కట్టింది, చూస్తే అచ్చం వరాలమ్మ కట్టినట్టే ఉంది. వరాలమ్మ కొస పట్టుకుని ఎత్తింది. టపటపా టపటపా, మొగ్గలన్నీ చాప మీదే.

"మళ్ళీ కట్టు" అంది. మళ్ళీ కట్టింది. మళ్ళీ రాలాయి. ఇలా రోజూ. నూకరత్నం కట్టినదాన్ని విప్పేసి వరాలమ్మ మళ్ళీ కట్టుకునేది. ఇదివరకు ఒక పని, ఇప్పుడు రెండు పనులు.

ఆ తర్వాత ఒకరోజు రెండు పెళ్ళిళ్ళు ఒకే ముహూర్తానికి పడ్డాయి. విప్పి కట్టే వ్యవధి లేక, నూకరత్నం కట్టిన దండని వరాలమ్మ ఉన్నదున్నట్టు ఇచ్చేసింది. పెళ్ళికూతురి మేనత్త ఆ దండ పళ్ళెం మీదుగా వేలాడేసుకుని వీధిలో నడిచింది. ఇల్లు చేరేసరికి పళ్ళెంలో దారం మిగిలింది.

సాయంత్రం ఆవిడొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం వరాలమ్మా, దండ కట్టి ఇచ్చావా, దారి పొడుగునా ముగ్గెయ్యమని ఇచ్చావా?"

వీధిలో అందరూ నవ్వారు. వరాలమ్మకి ఆ రోజు వేళ్ళు మంటలెత్తుతున్నాయి. నడుం విరిగిపోతోంది. ఆ అలసటలో నూకరత్నం వైపు తిరిగి, "నీ చేతికి పూలు నిలవవే. నీకు చేతివాసి లేదు" అనేసింది.

చేతివాసి అంటే తెలుసా? కొందరు నాటితే మొక్క బతుకుతుంది, కొందరు మందిస్తే జ్వరం తగ్గుతుంది అంటారు చూడండి, అదీ. అది లేదు నీకు అని పదిమందిలో అంటే ఎంత మాట! చెయ్యి ఉన్నా లేనట్టే అని.

నూకరత్నం లేచింది. బిందె దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల తల్లో పూలు పెట్టుకోవడం మానేసింది.

ఆ తర్వాత చిలకమ్మ వచ్చింది. ఆ ఊరికి కొత్త కోడలు. అప్పుడు వానాకాలం, సన్నజాజుల కాలం. చిలకమ్మా అలాగే ఎదురుగా కూర్చుంది. అలాగే చూసింది. అలాగే కట్టింది. అలాగే రాలాయి.

కాకపోతే చిలకమ్మకి నోరెక్కువ, నవ్వెక్కువ. "పెద్దమ్మా, నేను కడుతున్నవి దండలు కావు, పూజకి విడిపూలు. దారం మీకు ఉచితం" అనేది. వరాలమ్మకి నవ్వే ఓపిక లేదు. విప్పుతూ కడుతూ, విప్పుతూ కడుతూ నెల్లాళ్ళు చూసింది. ఆఖరికి, "నువ్వెళ్ళి మీ అత్తకి పప్పు రుబ్బి పెట్టు తల్లీ, నన్ను వదిలెయ్యి" అని దణ్ణం పెట్టింది.

ఇద్దరయ్యారు. వాన వెలిసింది, మంచు మొదలయింది. వరాలమ్మ ఇంకెవరికీ నేర్పదల్చుకోలేదు. చేమంతుల బుట్ట ముందు కూర్చుని, మండే వేళ్ళతో, ఒక్కతే కట్టుకునేది. కన్ను మూతపడుతుంటే చన్నీళ్ళు చల్లుకునేది.

అప్పుడు మూడో మనిషి వచ్చింది. కానీ నేర్చుకోవడానికి రాలేదు. పేరు పార్వతాలు. వరాలమ్మ ఆడపడుచు. అంటే వాళ్ళాయనకి చెల్లెలు. పది రోజులుండి పోదామని పుట్టింటికొచ్చింది.

వస్తూనే చెప్పేసింది. "వదినా, దండలూ గిండలూ నాకు నేర్పకు. ఇద్దర్ని తరిమేశావని బస్సు దిగీ దిగకముందే చెప్పారు. నీ తల చూస్తే తుమ్మకంపలా ఉంది. కాస్త నూనె రాస్తాను, కూర్చో."

"కూర్చునే ఉన్నాగా. లేచిందెప్పుడు?" అంది వరాలమ్మ.

అప్పుడు పార్వతాలు గుమ్మం మెట్టు మీద కూర్చుంది. వరాలమ్మ కింద చాప మీద, ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చుంది. వరాలమ్మ కట్టుకుంటూ ఉంటే పార్వతాలు వెనక నుంచి తలకి నూనె పట్టించి, చిక్కు తీసి, పేలు చూసేది. రోజూ మధ్యాహ్నం ఇదే వరస.

"వదినా, నీ తలలో పేల కన్నా చేమంతి రేకులెక్కువ."

"ఉండనీ. అవి కుట్టవుగా."

"నలభై ఏళ్ళు పూలలో కూర్చున్నా మొహం మాత్రం ఎండుమిరపకాయలా ఎలా పెట్టగలవు తల్లీ?"

"మీ అన్నని చేసుకున్నాగా."

ఇలా మూడు రోజులు, ఆరు రోజులు, తొమ్మిది రోజులు. పార్వతాలు చేతులు జుట్టులో ఉండేవి, కళ్ళు మాత్రం వదిన భుజం మీదుగా కిందికి చూస్తుండేవి. చూడాలని కాదు. ఎదురుగా ఇంకేముంది చూడ్డానికి?

పదో రోజు సీమంతానికి దండలు అడిగారు. బుట్ట నిండా చేమంతులు. సగం దండలో ఉండగా వరాలమ్మ వేళ్ళు బిగుసుకుపోయాయి. మడిచిన వేలు విప్పుకోలేదు. విప్పిన వేలు ముడుచుకోలేదు. వరాలమ్మ దారం పట్టుకుని అలాగే ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలన్నా చెయ్యి రావాలిగా?

"అబ్బ, ఇలా తే" అంది పార్వతాలు. వెనక నుంచే రెండు చేతులూ ముందుకు చాపింది. వదినని ఒళ్ళో పెట్టుకున్నట్టే ఉంచి, దారం అందుకుంది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, మెలిక, బిగింపు. కాస్త మెల్లిగా, కాస్త వంకరగా, దండ చివరిదాకా కట్టేసింది.

వరాలమ్మ పెదవి విరిచి, కొస పట్టుకుని ఎత్తమంది. పార్వతాలు ఎత్తింది. ఊపింది. ఒక్క పువ్వు రాలలేదు.

"ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే. మా అన్నయ్య కాదుగా."

"ఏదీ, ఎదురుగా వచ్చి కూర్చో. మళ్ళీ కట్టు, చూస్తా."

పార్వతాలు ఎదురుగా వచ్చి కూర్చుని కట్టింది. వరాలమ్మ ఆ చేతుల వంక చూసింది. కాసేపటికి ఆవిడ మొహం పాలిపోయింది. ఎందుకంటే, నలభై ఏళ్ళుగా తను వేస్తున్న ముడి ఎదుటి మనిషికి ఎలా కనబడుతుందో ఆవిడ చూడడం అదే మొదటిసారి. అంతా తిరగబడి ఉంది.

అర్థం కాలేదా? సహస్రా, లేచి నా ఎదురుగా కూర్చో. నేను ఈ చెయ్యి ఎత్తుతున్నాను. నువ్వూ నన్ను చూసి అలాగే ఎత్తు. ఇప్పుడు చూడు. నేనెత్తింది కుడి. నువ్వెత్తిందేమిటి? ఎడమ! అద్దంలో చూసినట్టన్నమాట. సరే, ఇప్పుడు వచ్చి నా వెనక కూర్చో. మళ్ళీ ఎత్తు. ఇప్పుడు? కుడి. చూశావా?

ఇంకొకటుంది. దారానికి పురి ఉంటుంది. అంటే మెలి. అది ఒకే వైపు తిరిగి ఉంటుంది. దారం అటే తిప్పి ముడివేస్తే ముడి బిగుస్తుంది. అద్దంలో లాగా ఎదురు తిప్పితే? మెలి విప్పుకుంటుంది, ముడి జారుతుంది. నూకరత్నం ఎదురుగా కూర్చుని, చూసింది చూసినట్టు చేసింది. ఒక్క పిసరు తప్పు లేకుండా చేసింది. అందుకే రాలిపోయాయి.

"అయ్యో, ఆ పిల్ల చేతుల్లో ఏ దోషమూ లేదు. నేనే తిరగేసి నేర్పాను" అంది వరాలమ్మ.

"సరేలే, ఇప్పుడు తెలిసిందిగా. ఇంకో పది రోజులుంటాను. నేను కడతా, నువ్వు పడుకో వదినా" అంది పార్వతాలు. చాప వేసింది. దిండు తెచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

నలభై ఏళ్ళు కోరుకున్న మధ్యాహ్నం వచ్చింది. వరాలమ్మ పడుకుంది. కళ్ళు మూసుకుంది.

నిద్ర రాలేదు.

ఇటు తిరిగింది, రాలేదు. అటు తిరిగింది, రాలేదు. వెల్లకిలా పడుకుంది, రాలేదు. "నీకు చేతివాసి లేదు" అని తను అన్న మాటే చెవిలో ఈగలాగా తిరుగుతోంది.

అప్పుడు లేచింది. చిన్న బుట్టలో చేమంతులు, ఒక దారం ఉండ పెట్టుకుంది. "ఎక్కడికి వదినా, ఒళ్ళు తూలుతుంటే?" అంది పార్వతాలు. వరాలమ్మ అప్పటికే గుమ్మం దాటింది.

మొదట చిలకమ్మ ఇంటికెళ్ళింది. విషయం చెప్పింది. చిలకమ్మ పకపకా నవ్వింది. "అయితే తప్పు నాది కాదా? పెద్దమ్మా, ఒక్కసారి లోపలికొచ్చి ఈ మాట మా అత్తగారికి చెప్పండి. ఆవిడ ఎదురుగా కూర్చుని నేర్పినవి ఇంకా బోలెడున్నాయి." రేపటి నుంచి వస్తానంది. అక్కడ అంతే.

ఆ తర్వాత నూకరత్నం ఇంటికెళ్ళింది. నూకరత్నం గుమ్మంలోనే నిలబడింది. రా అనలేదు, కూర్చో అనలేదు.

"నీ చేతుల్లో ఏ లోపమూ లేదే. నాకే నేర్పడం రాలేదు" అంది వరాలమ్మ.

"నాకు చేతివాసి లేదుగా అత్తా."

"ఉంది."

"ఏడు నెలలయింది."

"అవును. ఏడు నెలలు."

"పదిమందిలో అన్నావు. ఇప్పుడు ఒక్కదానివే వచ్చి చెప్తున్నావు" అంది నూకరత్నం. "నేను రాను." అని లోపలికెళ్ళిపోయింది.

న్యాయమేనా, కాదా? ఆలోచించండి. నిహాల్, చెయ్యి దించు నాన్నా, జవాబు నాకొద్దు, నీలో నువ్వే అనుకో.

వరాలమ్మకి తిరిగి ఇంటికి నడిచే ఓపిక లేదు. అక్కడే నూకరత్నం వాళ్ళ మెట్టు మీద, ఇంటికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూలబడింది. బుట్ట ముందు పెట్టుకుంది. మెల్లగా కట్టడం మొదలుపెట్టింది. కడుతూ, వీధంతా వినబడేటట్టు పాఠం చెప్పింది.

"రెండు పూలు ఇటు. రెండు పూలు అటు. దారం ఇలా తిప్పాలి. నేను ఒక పిల్లకి తిరగేసి నేర్పాను. మెలిక ఇలా తియ్యాలి. ఆ పిల్లది బంగారం లాంటి చెయ్యి. మెడలో వేసి, ఇలా బిగించాలి. లేనిపోని మాట అన్నాను."

ఆ దారినే వెళ్తున్న పెళ్ళికూతురి మేనత్త ఆగింది. "ఎవరికి చెప్తున్నావు వరాలమ్మా, గోడకా?"

"వెనకాల ఉన్నవాళ్ళకి" అంది వరాలమ్మ. "నువ్వూ విను. ఆ రోజు నీ పళ్ళెంలోంచి పూలు రాలిన తప్పు నాది."

ఆవిడ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆగారు, విన్నారు, వెళ్ళిపోయారు. వరాలమ్మ వేళ్ళు అంతకంతకీ నెమ్మదించాయి. ఒక పువ్వు, కాసేపాగి ఇంకో పువ్వు. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "రెండు... ఇటు..."

అప్పుడు వెనక తలుపు కిర్రుమంది. గాజుల చప్పుడయింది. ఎవరో వచ్చి వెనక మెట్టు మీద కూర్చున్నారు. భుజం మీదుగా ఊపిరి తగులుతోంది. వరాలమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్ళీ ఎదురుగా అయిపోతుందిగా!

ఇంకో రెండు ముళ్ళు వేసింది. మూడో ముడి సగంలో ఉండగా ఆవిడ తల వెనక్కి వాలింది. వెనక ఉన్నది ఒక మోకాలో, భుజమో, ఆవిడకి తెలియదు. మెత్తగా ఉంది. చేతిలో దారాన్ని ఎవరో నెమ్మదిగా అందుకున్నారు.

పట్టపగలు, నడివీధిలో, పరాయి వాళ్ళ గుమ్మం ముందు, కూర్చున్నది కూర్చున్నట్టే, నోరు తెరుచుకుని వరాలమ్మ నిద్రపోయింది. బండి వాళ్ళు ఎద్దుల మెడలో గంటలు పట్టుకుని నడిపించారు. కూరలమ్మే ఆవిడ కేక ఆపుకుని నాలుగిళ్ళు దాటాక కేకేసింది.

కళ్ళు తెరిచేసరికి ఎండ గోడ దిగిపోయింది. బుట్ట ఖాళీ అయింది. పక్కన మెట్టు మీద నుంచి పొడుగ్గా దండ వేలాడుతోంది, చలిగాలికి ఊగుతోంది. కింద నేల మీద ఒక్క పువ్వు లేదు.

వరాలమ్మ లేవబోయింది.

"కదలకు అత్తా" అంది వెనక నుంచి నూకరత్నం, ఇంకా కాస్త బింకంగానే. "ఇంకో నాలుగు పూలున్నాయి."

వరాలమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కోపం పోయిందా అంటావా నిహాల్? ఏడు నెలల కోపం ఒక్క పూటలో పోతుందా నాన్నా? కొంచెం పోయింది. ఆ రోజుకి ఆ కొంచెం చాలు. మల్లెల కాలం వచ్చేసరికి ఆ మెట్ల మీద వరాలమ్మా, నూకరత్నమూ, చిలకమ్మా ముగ్గురూ ఒకరి వెనక ఒకరు కూర్చుని కట్టేవారట. పై మెట్టు మీద ఎవరు, కింది మెట్టు మీద ఎవరు అని రోజూ పోట్లాటేనట.

మల్లెలొచ్చె వేసంగి, జాజులొచ్చె వానకి,
చేమంతులు చలికొచ్చె, చేరెను దండలోనికి,
వాలిపోయె వరాలమ్మ వీధి మెట్టు మీదికి,
కథ నడిచెను కంచికి, మనం మన మంచానికి.

ఇంక దుప్పటి కప్పుకోండి. నేనా? వస్తాను. పాలు కాచి చల్లారబెట్టాను, తోడు వెయ్యడం మరిచిపోయాను. రేపు పెరుగు లేదని మళ్ళీ మీరే గోలపెడతారు. అదొక్కటీ చేసి వస్తాను, మీరు కళ్ళు మూసుకోండి.